మినహాయింపను పేర జరుగుచున్న అపహారము

అప్పిచ్చినవాడు వడ్డీ మినహాయించిన అది ఉపకారము. కరవు కాలమున సర్కారువారు శిస్తు మినహాయించిన అదియు ఉపకారమే. కాని సత్రమునందు వడ్డించువాడు బాటసారి విస్తరిలో కూర మాత్రము వేసి, అన్నము వేయక, "నీకు నమలు శ్రమ తప్పించితిని, సంతోషింపుము" అనినచో దాని నేమందుము? పాలిటెక్నిక్కులో డిప్లమా ముగించి ఇంజనీరింగు కళాశాలలో చేరు మన పిల్లలకు ఒక సంవత్సరపు చదువును మినహాయించితిమని చెప్పుకొను పెద్దల మాటలు వినునపుడెల్ల మాకీ వడ్డన జ్ఞప్తికి వచ్చుచున్నది.

దారి తెలియని చదువరులకొరకు సంగ్రహముగా చెప్పెదము. పదవ తరగతి ముగియగానే పాలిసెట్ అను ప్రవేశ పరీక్ష. అటుపై పాలిటెక్నిక్కులో మూడేండ్ల డిప్లమా. డిప్లమా చేతికందిన పిమ్మట ఈసెట్ అను మరియొక పరీక్ష. అందు నెగ్గినవాడు బి.టెక్. తరగతులలో తిన్నగా రెండవ సంవత్సరమున కూర్చుండును. ఈ దారిన నడచువారిలో మన గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశము జిల్లాల ప్రత్తి చేలలోను మిరప తోటలలోను సేద్యము చేయు కౌలుదారుల బిడ్డలు పెక్కురు. ఇంటర్మీడియట్ పేర నడచు ప్రైవేటు కళాశాలలకు జీతములు కట్టలేక, మూడేండ్లు ముగియునప్పటికి చేతిలో ఒక పనియైన నుండునను ఆశతో, తండ్రులు వారినిటు పంపుచున్నారు. ఆ పిల్లలు కష్టపడి చదివి పట్టభద్రులగుచున్నారు. ఈ ద్వారమును మూయవలెనని మేము కోరుటలేదు. ఆ మాట ముందే చెప్పుట మంచిది. ఏలయన మా వాదము వినకముందే "వీరు పేదల దారికి కంచె వేయవచ్చినారు" అని కేకలు వేయువారు సిద్ధముగా నున్నారు.

ఈసెట్ పరీక్షాపత్రమును చూడుడు. మొత్తము మార్కులు 200. గణితమునకు 50, భౌతికశాస్త్రమునకు 25, రసాయనశాస్త్రమునకు 25, అభ్యర్థి చదివిన ఇంజనీరింగు శాఖకు 100. వృత్తి విద్యకు పోవువానిని వృత్తి విద్యలో పరీక్షించుట సహజమే. పరీక్షలో తెలుగు లేదని మేము ఏడ్చుటలేదు. చదువులోనే లేదని మా ఫిర్యాదు. డిప్లమా మూడేండ్లలో తెలుగు పాఠ్యాంశము కాదు. చరిత్ర లేదు. పౌరశాస్త్రము లేదు. ఆంగ్లము కలదు; కాని అది ఉద్యోగమిచ్చువాని యెదుట తడబడకుండుటకు నేర్పు ఆంగ్లమే గాని, ఒక గ్రంథమును చదివి మంచిచెడ్డలు విచారించుటకు నేర్పు ఆంగ్లము గాదు. పోనీ, బి.టెక్.లో నైన నేర్చుకొనునా యన, అచ్చటి భాషా పాఠము మొదటి సంవత్సరముననే గడచిపోయినది. గణితమును, భౌతికమును అతడు డిప్లమాలో చదివియే వచ్చినాడు గనుక వానిని తిరిగి చదువ నక్కరలేదనుట న్యాయము. చదువనిదానిని గూడ చదివినట్లు లెక్కవ్రాసికొనుట ఏ ధర్మాసనము నొప్పుకొను న్యాయము? పదునైదు పదునారేండ్ల ప్రాయమున పదవ తరగతి పరీక్షలో వ్రాసిన వ్యాసమే ఆ పిల్లవాడు తన తల్లి భాషలో గురువు దిద్దుటకు వ్రాసిన కడపటి వ్యాసము. ఇంటర్మీడియట్ చదువువాడును మార్కులకొరకు తెలుగును వదలి సంస్కృతమును పట్టుచున్నాడుగదా యందురు. నిజమే. అది వేరొక వ్యాజ్యము. దానిని వేరొక దినమున విచారింతము.

తక్కిన సంవత్సరములలో నేమున్నది? 2018లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలివారు ప్రకటించిన నమూనా ప్రణాళికలో బి.టెక్. పట్టమునకు 160 క్రెడిట్లు. అందు మానవ శాస్త్రములు, సాంఘిక శాస్త్రములు, వ్యాపార నిర్వహణ అన్నియు కలిసి 12. భారత రాజ్యాంగమునకు ఎన్ని? సున్న. చదువవలెనట, కాని లెక్కకు రాదట! లెక్కకు రాని పాఠమునకు విద్యార్థి ఎంత శ్రద్ధ చూపునో, అధ్యాపకుడెంత ఉత్సాహము చూపునో మేము వర్ణింప నక్కరలేదు.

"ఇంజనీరునకు చరిత్ర యేల? వంతెన కట్టువానికి వ్యాసరచన యేల?" అని అడుగువారున్నారు. వీరికి శాస్త్రములనుండి ఉపపత్తులు చూపుటకంటె అమరావతిని చూపుట మేలు. 2015లో ఇచ్చటి 29 గ్రామముల రైతులు రాజధానికొరకు 33 వేల ఎకరములకు పైబడిన భూమిని సమీకరణ పద్ధతిని ఒప్పగించిరి. ఆ భూమిపై గొలుసు పట్టి కొలిచినవాడు, పటము గీచినవాడు, రహదారికి హద్దురాయి నాటినవాడు ఎవడు? మన డిప్లమా చదివిన యువకుడే. తాను నాటిన రాయి యే హక్కును ఎవనినుండి ఎవనికి మార్చినదో, తిరిగి యిచ్చు స్థలము ఏ షరతులపై నిచ్చుచున్నారో, అభ్యంతరమున్న రైతు ఎవరికి అర్జీ పెట్టుకొనవలెనో అతనికి తెలియవలదా? తన పెదతండ్రి పొలముగట్టుననే నిలిచి కొలతలు వేయువాడు, "బాబూ, ఈ కాగితములో నేమున్నది?" అని పెదతండ్రి అడిగిన మరల పట్టణములోని వకీలును వెదకికొని పొమ్మనవలెనా?

మాకు వకీలు వృత్తి గనుక ఆ వెదకివచ్చువారిని నిత్యము చూచుచున్నాము. మిరపతోటకు వ్రాసికొన్న కౌలు కరారును పట్టుకొని ఒక తండ్రియు కొడుకును మా కచేరికి వచ్చిరి. కొడుకు డిప్లమానుండి బి.టెక్.లోనికి ఎక్కి, మంచి మార్కులతో పట్టము పుచ్చుకొన్నవాడు. ఎకరమునకు ఎన్ని టిక్కీల కాయ దిగునో, తాలు పోను యార్డులో నేమి ధర పలుకునో, కూలికి, మందులకు ఎంత పోవునో క్షణములో లెక్కకట్టి చెప్పెను. అట్టి బుద్ధిమంతుడు కరారు కాగితములో "స్వాధీనానుభవము" అను పదమువద్దను, "గడువు దప్పిన యెడల" అను వాక్యమువద్దను ఆగిపోయెను. ఆంగ్లములో నిచ్చిన చదివెదననెను, ఆంగ్లములో నిచ్చితిమి, అచ్చటను ఆగెను. అయిదవ తరగతి చదివిన తండ్రి, చెవిని పడిన మాటల బలముచేతనే, ఆ వాక్యముయొక్క అర్థమును కొడుకునకు చెప్పెను! ఆ యువకుని తెలివిలో లోపము లేదు. ఏడు సంవత్సరములలో ఒక్క మారైన ఒక పుట వచనమును అతని ముందుంచి "దీని అర్థమేమి? ఇందు కపటమెక్కడ నున్నది?" అని అడిగిన గురువు లేడు. మూడేండ్ల డిప్లమా, మూడేండ్ల బి.టెక్., వానికి ముందు పరీక్షకొరకు శిక్షణ కేంద్రమున గడపిన సంవత్సరము, అన్నియు కలిపి చెప్పుచున్నాము.

చేతిపనిని, చదువును విడదీయుట మన దేశమునకు సంప్రదాయము గాదు. కనీసము మన జాతీయోద్యమమునకు గాదు. 1910లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినపుడు, పరిశ్రమలు నేర్చు విద్యార్థికి సాహిత్యము వలదనలేదు, సాహిత్యము చదువువానికి పనిముట్టు వలదనలేదు. గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు 1922లో శారదానికేతనమును స్థాపించి, బాలికలకు చదువును చేతివృత్తులను ఒకే పందిరి క్రింద నేర్పించిరి. ఆ సంస్థలకు ధనము లేదు, గుర్తింపు లేదు, పట్టము చేతబట్టి పోయిన ఉద్యోగమిచ్చు దొర లేడు. ఐనను మనుష్యుని రెండుగా చీల్చుటకు వారు సమ్మతింపలేదు. అంతకుముందే, 1906లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికా మండలిని ప్రారంభించి, కళాశాల గడప తొక్కని తెలుగువానికి చరిత్రను, ప్రకృతి శాస్త్రములను వాని భాషలోనే అందించిరి. ఆ మండలి ప్రకటించిన మొదటి గ్రంథము అబ్రహాము లింకను చరిత్రము. గ్రామ గ్రంథాలయములో దీపము వెలుగున దానిని చదివిన రైతునకు ఏ విశ్వవిద్యాలయమును క్రెడిట్లివ్వలేదు. నేటి మన పాలిటెక్నిక్కు విద్యార్థికంటె ఆ రైతు సామాన్య విద్యలో ముందున్నాడని చెప్పుటకు మాకు సంకోచము లేదు.

స్వతంత్రము వచ్చిన తరువాతనైన ఎవరును చెప్పలేదా? చెప్పిరి. 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ ఛాన్సలరుగా నున్న సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారి అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘము, వృత్తి విద్యార్థులతో సహా అందరికిని సామాన్య విద్య నేర్పవలెనని గట్టిగా కోరెను. డెబ్బదియేండ్లు దాటిన పిమ్మట 2020 నాటి జాతీయ విద్యా విధానము ఆ భావమునే తిరుగ పలికెను. పలుకుటకు లోటు లేదు.

ఇక రెండవ అపాయము. సామాన్య విద్య లేదని మనము మొఱపెట్టగానే కొందరు అధికారులు సులభమైన మందు కనిపెట్టుదురు. ఈసెట్‌లో మరి యొక పత్రము చేర్చుదము, లేదా విశ్వవిద్యాలయములో చేరినవానిచేత అదనముగా నాలుగు పాఠములు చదివింతము, రుసుము కట్టింతము, తప్పినవానికి పట్టము నాపుదము! దీనిని మొదటిదానికంటె తీవ్రముగా మేము ప్రతిఘటింతుము. సామాన్య విద్య విద్యార్థి సొత్తు. దానిని టోల్‌గేటుగా మార్చువాడు దానికి శత్రువు.

టోల్‌గేటు పెట్టిన దేశమున నేమి జరిగినదో తెలిసికొనుట మనకు కష్టము గాదు, మన తెలుగు కుటుంబములు వేలకొలది అమెరికాలో స్థిరపడి యున్నవి గనుక. అచ్చట కమ్యూనిటీ కళాశాలలని యున్నవి. రెండేండ్లు తక్కువ ఖర్చుతో అందు చదివి పిమ్మట విశ్వవిద్యాలయమునకు మారవచ్చును. మారునపుడు ఒక్కొక్క విశ్వవిద్యాలయము ఒక్కొక్క సామాన్య విద్యా నియమము పెట్టి, "నీవు చదివిన చరిత్ర మా చరిత్ర గాదు" అని త్రోసివేయుచుండుటచేత, 2004-2009 నడుమ సంస్థలు మారిన విద్యార్థులు సగటున నూటికి 43 క్రెడిట్లు కోల్పోయిరని ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయము 2017లో అంచనా కట్టినది. కాలిఫోర్నియా రాష్ట్రమువారు దీనికి చట్టముచేతనే మందు వేసిరి. 2021లో శాసనము చేసి, రెండు ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థలకును ఒకే పట్టిక ఏర్పరచి, 2025 శరత్కాలమునుండి అమలున పెట్టిరి. అందు 11 పాఠములు, 34 యూనిట్లు: వ్యాసరచన, తర్కించి విచారించుట, సభలో మాటలాడుట, గణితము, కళలు, సాంఘిక శాస్త్రములు, ప్రకృతి శాస్త్రములు, ఆ దేశపు జాతుల చరిత్ర. కమ్యూనిటీ కళాశాలలో ఒక మారు చదివి ముగించిన చాలును, తిరిగి అడుగరాదు. ఆ పట్టికలోని పాఠములన్నియు మనకు కావలెనని గాదు. పట్టిక ఒకటియే యుండుట, అది మొదటి మెట్టుననే ముగియుట, పిమ్మట ఎవ్వరును దానిని ప్రశ్నింపకుండుట, ఇవి మనకు కావలెను.

కాబట్టి మేము కోరునది డిప్లమాలోనే సామాన్య విద్య. మూడేండ్లలో ఏడాదికొక పాఠము, లేదా రెండు. తెలుగు వచన రచనయు, పత్రములు చదివి అర్థము చేసికొనుటయు ఒకటి. ఆంధ్రదేశ చరిత్ర, అందు ధాన్యకటకముతో బాటు చీరాల-పేరాల, పెదనందిపాడు సత్యాగ్రహములును రావలెను. అమరావతిలో పనిచేయు ఇంజనీరు మహాచైత్యమును సినిమాలో మాత్రమే చూచియుండుట మనకు గౌరవము గాదు. రాజ్యాంగము, భూమి చట్టములు, కూలి చట్టములు ఒకటి; దీనికి సున్న గాక నిజమైన క్రెడిట్లుండవలెను. ఇవన్నియు తెలుగులో చెప్పవలెను. తెలుగులో చెప్ప వీలుకాదని యెవరైన నందురేని, 2021లో సాంకేతిక విద్యా మండలివారు ప్రాంతీయ భాషలలో బి.టెక్. పాఠములకే అనుమతి యిచ్చి పుస్తకములు అచ్చువేయుచున్నారని జ్ఞప్తి చేయుచున్నాము. యంత్రశాస్త్రము చెప్పగల భాష తన చట్టమును తాను చెప్పుకొనలేదా?

ఈ క్రెడిట్లు విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2021లో నియమములు చేసిన క్రెడిట్ల బ్యాంకులో విద్యార్థి పేర జమకావలయును. కాకినాడ సాంకేతిక విశ్వవిద్యాలయమైనను, కృష్ణ యొడ్డున వెలసిన ప్రైవేటు విశ్వవిద్యాలయములైనను వానిని మారుమాట లేక అంగీకరింపవలెను. బోధకులెవరందురా? తెలుగు, చరిత్ర, రాజనీతి శాస్త్రములలో ఎం.ఏ. చదివి, కొలువు దొరకక మిర్చి యార్డులో పద్దులు వ్రాయుచున్న యువకులు మన ఊళ్లలో లేరా?

పఠన మందిరముల కార్యదర్శులకు మా మనవి. మీ తదుపరి సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, తీర్మానమును రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలికిని, ఉన్నత విద్యా మండలికిని పంపుడు. తీర్మానముతో బాటు ఒక ప్రశ్నయు వేయుడు: డిప్లమా ప్రణాళికను మరల సవరించు సంఘములో ఒక తెలుగు అధ్యాపకుడు గాని, ఒక చరిత్రాధ్యాపకుడు గాని సభ్యుడుగా నుండునా, ఉండడా? మండలివారు ప్రత్యుత్తరమిచ్చిన యెడల దానిని ఈ పుటలోనే, ఒక్క అక్షరమైన తగ్గింపక, అచ్చువేయుదుము.