ఆరోగ్యము: కానరాని నొప్పి, కలతపడు మనస్సు



“ఒడలంతయు నొప్పి. తెల్లవారి లేచునప్పటికి రోకళ్ళతో దంచినట్లుండును. పరీక్షలన్నియు సరిగానే యున్నవట. ఇంటిలో నన్నెవరును నమ్మరు.” ఇట్టి మాటలు మేము పలుమారు వినుచున్నాము. పని తప్పించుకొనుటకు నటించుచున్నదని యొకరు, అంతయు మనోభ్రమయని యొకరు అందురు. నొప్పికంటె ఈ మాటలే ఆమెను ఎక్కువ బాధించును. కావున ఈ నెల ఈ వ్యాధిని గూర్చియే ముచ్చటింపదలచితిమి.

దీనిని వైద్యులు ఫైబ్రోమయాల్జియా యందురు. ఇది పురుషులకంటె స్త్రీలలో హెచ్చుగా కనబడును. 1904లో ఇంగ్లండు వైద్యుడు విలియం గోవర్సు, కండరములలోని నారపొరలు వాచుటచే ఇట్టి నొప్పి కలుగునని తలచి ‘ఫైబ్రోసైటిస్’ అని పేరిడెను. తరువాతివారు ఎంత వెదకినను ఆ వాపు కానరాలేదు. అందుచే 1976 మొదలు ఇప్పటి పేరు వాడుకలోనికి వచ్చినది. 1990లో అమెరికా దేశపు కీళ్ళవైద్యుల సంఘమువారు శరీరమున 18 చోట్ల నొక్కిచూచి, 11 చోట్లనైనను నొప్పి యుండవలెనని నియమించిరి. 2010లో ఆ లెక్కను విడిచి, నొప్పి ఎచ్చటెచ్చట నున్నది, నిద్ర ఎట్లున్నది, అలసట, మరపు ఎంత గలవు, ఇవి మూడు నెలలనుండి యున్నవా యని రోగినే యడుగు పద్ధతి నేర్పరచిరి. అనగా ఈ వ్యాధియందు రోగి చెప్పు మాటయే ముఖ్యమైన సాక్ష్యము.

నొప్పి యెట్లు కలుగును? మన మెదడును, వెన్నుపామును ఇంటి కావలికుక్క వంటివి. దొంగ వచ్చిన మొరుగుట వాని ధర్మము. ఈ వ్యాధిలో ఆకు కదలినను కుక్క మొరుగును. దొంగ లేడు, నిజమే. కాని మొరుగుట అబద్ధము కాదు. ఇంటివారు భయపడుకొలది అది మరింత మొరుగును. ఆ భయమే ఆందోళన.

నొప్పిచే నిద్ర చెడును. నిద్ర చెడిన మరునాడు నొప్పి హెచ్చును. 1975లో కెనడా దేశపు పరిశోధకులు, ఆరోగ్యవంతులు గాఢనిద్రలో నుండగా చప్పుడుచేసి ఆ నిద్రను చెరపగా, ఉదయమున వారికిని ఇట్టి కండరముల నొప్పులే కలిగినవి. నొప్పి తగ్గకున్న “ఏ మహావ్యాధియో” యను దిగులు పుట్టును. దిగులుచే కదలుట మానుదుము. కదలకున్న కండరములు బలహీనమగును. ఇట్లు దేహమును మనస్సును ఒకదాని నొకటి క్రుంగదీయును. కావున రెంటికిని కలిపియే చికిత్స జరుగవలెను.

మొదట వైద్యుని చూడవలెను. థైరాయిడ్ లోపము, రక్తహీనత, డి విటమిను లోపము కూడ ఇట్టి బాధలనే కలిగించును. కీళ్ళు వాచినను, జ్వరము వచ్చినను, ఒడలు చిక్కిపోయినను ఇది ఆ నొప్పియే యని యుపేక్షింపరాదు.

అన్నిటికంటె గట్టిగా నిపుణులు చెప్పునది వ్యాయామము. 2017లో ఐరోపా కీళ్ళవైద్య సంఘమువారు ప్రకటించిన సూచనలలో దానికే అగ్రస్థానము. తొలుత ఐదు నిమిషముల నడక చాలును. వారమునకు కొంచెము చొప్పున పెంచవలెను. మొదట నొప్పి కొంత హెచ్చినను బెదరరాదు. ఒంట్లో బాగున్న నాడు ఇల్లంతయు దులిపి, పిండివంటలు వండి, మరి మూడు దినములు మంచమెక్కుట మన స్త్రీలకు అలవాటు. దీనిని మానవలెను. పనిని దినములకు పంచుకొని నడుమ విశ్రమింపవలెను. ప్రతిదినమును ఒకే వేళకు పరుండి, ఒకే వేళకు లేవవలెను. సాయంకాలము తరువాత కాఫీ తగదు. దిగులు మితిమీరినచో మానసిక వైద్యుని చూచుట సిగ్గుపడవలసిన పని కాదు; తలపులను చక్కదిద్దుకొను శిక్షణచే పలువురు మేలు పొందుచున్నారు. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్, ప్రెగాబాలిన్ వంటి మందులు కొందరికి ఉపకరించును. వానిని వైద్యుని యానతి లేక తీసికొనరాదు, మానరాదు.

ఈ వ్యాధి ప్రాణము తీయదు, కీళ్ళను చెరపదు. ఒక్కనాట పోదు గాని, అదుపులో నుండును. ఇంటివారికి మా విన్నప మొక్కటి. ఆమె నొప్పి యన్నప్పుడు “ఎక్కడ? రాత్రి నిద్ర పట్టినదా?” అని యడుగుడు. ఒక బిందె నీరు మీరు మోయుడు. నమ్మువారున్న ఇంట దిగులు సగము తగ్గును.