నార్సిసిస్టు ముద్ర ఎవరికి మేలు?

ఫోన్ తెరిస్తే చాలు, “మీ ఆయన నార్సిసిస్టా? ఈ ఐదు లక్షణాలు చూసుకోండి” అంటూ ఓ రీల్ ఎదురవుతుంది. సెల్ఫీల పిచ్చి ఉన్న మరదలు, మెచ్చుకోకపోతే ముఖం మాడ్చుకునే మేనేజరు, కొడుకు జీతం లెక్కలడిగే అత్తగారు, అందరినీ ఒకే గాటన కట్టేస్తారు. పైగా తీర్పు కూడా అక్కడే: వీళ్లకు జాలి ఉండదు, వీళ్లు మారరు, దూరంగా పారిపోండి.

దీన్ని మానసిక ఆరోగ్యంపై అవగాహన అంటున్నారు. జబ్బు పేరును తిట్టుగా వాడటం అవగాహన ఎలా అవుతుంది?

పొగడ్తకు పొంగిపోవడం, గొప్పలు చెప్పుకోవడం కొద్దో గొప్పో అందరిలోనూ ఉంటాయి. (అదే జబ్బయితే సంక్రాంతికి ఊరొచ్చే అమెరికా అల్లుళ్లలో సగం మంది రోగులే.) 1979లో రాస్కిన్, హాల్ అనే పరిశోధకులు తయారుచేసిన ప్రశ్నావళి కొలిచేది మామూలు జనంలోని ఈ స్వభావాన్నే. దాంతో జబ్బును నిర్ధారించరు. నార్సిసిస్టిక్ వ్యక్తిత్వ రుగ్మత అనే జబ్బు సంగతి వేరు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 1980లో దాన్ని మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే తన డీఎస్ఎం గ్రంథంలో చేర్చింది. ఇప్పటి కూర్పు ప్రకారం తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు ఉండాలి. అవి వయసొచ్చిన దగ్గర్నుంచీ ఇంటా బయటా పాతుకుపోయి ఉండాలి. వాటివల్ల ఆ మనిషి బాధపడుతుండాలి, లేదా అతని బతుకు, బంధాలు దెబ్బతిని ఉండాలి. రీల్స్ మింగేసేది ఈ చివరి షరతునే.

దాని బరువెంతో 2017 ఫిబ్రవరిలో తెలిసింది. ట్రంప్‌కు ఈ జబ్బుందని కొందరు నిపుణులు ప్రచారం చేస్తుంటే, డీఎస్ఎం నాలుగో కూర్పుకు సారథి అయిన అలెన్ ఫ్రాన్సిస్ న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాశారు. ఆ ప్రమాణాలు రాసింది తానేననీ, అవి ట్రంప్‌కు వర్తించవనీ తేల్చారు. ట్రంప్ ఇతరులను బాధపెడుతున్నాడే గానీ తాను బాధపడటం లేదన్నది ఆయన వాదన. అలాగని ఫ్రాన్సిస్‌కు ట్రంప్ మీద అభిమానమేమీ లేదు. చెడు నడతకు జబ్బు పేరు పెడితే అసలైన రోగులను అవమానించినట్టేనని ఆయన అభ్యంతరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. 2022లో అమల్లోకి వచ్చిన దాని జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11లో ఈ పేరుతో విడి జబ్బే లేదు. వ్యక్తిత్వ సమస్య ఎంత తీవ్రంగా ఉందన్నదే అందులో మొదట చూస్తారు.

“మరి ఇలాంటి భర్తల చేతిలో నలిగిపోతున్న ఆడవాళ్ల మాటేమిటి?” అంటారు. అడగాల్సిన ప్రశ్నే. 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసర్ నింపే ఫారం చూడండి. కట్నం తేలేదని అవమానించాడా, మగపిల్లాణ్ని కనలేదని దెప్పాడా, ఉద్యోగానికి అడ్డుపడ్డాడా, జీతం లాక్కున్నాడా, ఇంటి ఖర్చుకు డబ్బివ్వడం లేదా అని అడుగుతుంది. అంతా ఏం చేశాడన్నదే. భర్త మానసిక రోగి అని భార్య రుజువు చేయనక్కర్లేదు. జీతం లాక్కునేవాడికి “జబ్బు మనిషి, ఏం చేస్తాడు పాపం” అనిపించుకునే వెసులుబాటు మనమెందుకివ్వాలి?

ఇక “మారరు” అన్న తీర్పు. నిజంగా ఈ జబ్బున్నవాళ్లు “నాకు అహం ఎక్కువ డాక్టర్” అంటూ రావడం అరుదు. ఉద్యోగం ఊడో, పెళ్లి చెడో, దిగులుతో వస్తారు. చికిత్స నెలలు, ఏళ్లు పడుతుంది, అదీ మాటలతోనే. 1995లో ఎల్సా రోనింగ్‌స్టామ్ బృందం అలాంటి 20 మంది రోగులను మూడేళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, ఎక్కువమందిలో ఆ లక్షణాలు బాగా తగ్గాయి. సొంతంగా సాధించిన విజయం, నిలకడైన బంధం, భ్రమలు వదిలించిన ఎదురుదెబ్బ: మార్పుకు ఆ పరిశోధకులు చూపిన కారణాలివి.