కఱ్ఱకు దాహమెక్కువ

కలాల మీద ప్రీతి గల మిత్రులొకరు మొన్న మా ఇంటికి వచ్చినారు. బల్ల మీది జపాను కలాన్ని చేతిలోకి తీసుకొని, ముందు ముచ్చటపడి, తరువాత ఒడలి మర విప్పి లోపల చూచి పెదవి విరిచినారు. "ఇంతేనా పంతులుగారూ? పైన మేపుల్ కఱ్ఱ, లోపల ప్లాస్టిక్కు గొట్టం. ఇది తొడుగు గాని కలం కాదు" అన్నారు. ఆయన అభిమానించేవి బొజ్జ నిండా సిరా పట్టే కలాలు. కన్వర్టరు అనే మాట వింటేనే ఆయనకు చిన్నచూపు.

కాఫీ చల్లాఱిపోతున్నదని అప్పుడు వాదనకు దిగలేదు. ఇప్పుడు తీరికగా చెబుతున్నాను. కఱ్ఱ కలం లోపల ఆ చిన్న గొట్టం ఉండడం లోపమని నేను అనుకోను. కఱ్ఱ ఏ పని చేయలేదో ఎఱిగిన వాడు మాత్రమే అలాంటి కలం చేయగలడు. ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు, చొక్కా పాడై తెలిసింది.

1984లో విశాఖ జిల్లాలో తెలుగు పండితుడిగా నా తొలి ఉద్యోగం. లక్క బొమ్మల ఏటికొప్పాక అక్కడికి దగ్గఱే. ఒక ఆదివారం పోయి, అంకుడు కఱ్ఱను తరిణె మీద తిప్పుతూ లక్క పూస్తున్న పెద్దాయన ప్రక్కన కూర్చున్నాను. తిరిగే కఱ్ఱకు లక్క కణికను ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆ నిగనిగ చూడగానే నాకొక దుర్బుద్ధి పుట్టింది. నా పాత ఎబొనైట్ కలం ఒకటి ఒడలు పగిలి మూల పడి ఉన్నది. పాళీ, నాలుక బాగానే ఉన్నవి. దానికి కఱ్ఱతో ఒడలు చేసి పెట్టమన్నాను. పెద్దాయన కలాన్ని అటూ ఇటూ తిప్పి చూచి, "కర్రకి దాహమెక్కువ బాబూ, సిరా ఆగదు" అన్నాడు. నేను వినలేదు. భాషాప్రవీణ ప్యాసైన గర్వం కొంత, ఇరవై అయిదేళ్ళ వయస్సు కొంత. ఆయన నవ్వి చేసి ఇచ్చినాడు. ఎఱ్ఱటి లక్క, నడుమ పసుపు పట్టీలు. ఫిల్లరుతో సిరా పోసి, జేబుకు తగిలించుకొని సోమవారం బడికి పోయినాను. రెండవ పీరియడుకే పిల్లలు ముసిముసి నవ్వులు మొదలుపెట్టినారు. జేబు క్రింద అరచేయంత నీలి మచ్చ.

బయట లక్క ఉన్నది గాని లోపల పచ్చి కఱ్ఱే కదా. చెట్టు బ్రతికి ఉన్నప్పుడు వేరు నుండి చిగురు దాకా నీరు మోసిన సన్నని నాళాలు కఱ్ఱలో నిలువునా ఉంటవి. కలం ఒడలును కూడా ఆ నిలువునే తొలుస్తారు. చెట్టు పోయినా నాళాల అలవాటు పోదు. సిరాలో అధికభాగం నీరే. కఱ్ఱ దానిని త్రాగుతుంది, త్రాగి ఉబ్బుతుంది, ఆఱినప్పుడు ముడుచుకొంటుంది. మరలు వదులవుతవి, కొన్నాళ్ళకు బీట వస్తుంది. రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపఱచిన ఎబొనైటుకు ఈ బాధ లేదు. మన రాజమహేంద్రవరం రత్నం కలాలకైనా, జపాను వారి పాత కలాలకైనా ఎబొనైటే ఒడలు కావడానికి ఇదొక కారణం.

ఇక జపాను సంగతి. అక్కడి మూడు పెద్ద సంస్థలూ ఒక్క దశాబ్దంలోనే పుట్టినవి. 1911లో సెయిలర్, 1918లో పైలట్, 1919లో ప్లాటినం. ఆ దేశంలో కఱ్ఱ పని తెలిసిన చేతులకు కొదువ లేదు. తలచుకొంటే కఱ్ఱ పీపాలో సిరా పోసే కలం వారే చేసి ఉండేవారు. పీపాలలో సారాయి నిలువ చేసే జాతి అది. అయినా కలం విషయంలో ఆ దారి పట్టలేదు. కఱ్ఱను చేతికి ఇచ్చినారు, సిరాను దాని నుండి దూరంగా ఉంచినారు.

చేతికి ఇచ్చే ముందు కఱ్ఱ దాహం తీర్చడానికి వారి దగ్గఱ రెండు ఉపాయాలున్నవి. ఒకటి కొత్తది: కఱ్ఱ నాళాలలోకి రెసిన్ ఎక్కించి గడ్డకట్టించడం. రెండవది అతి పాతది, ఉరుషి. ఉరుషి చెట్టు పాలు అది. చాకలి బట్టలకు గుఱుతు పెట్టే మన నల్లజీడి ఉన్నదే, ఆ కుటుంబపు చెట్టే. తాకితే అలాగే ఒళ్ళు పొక్కుతుంది. కఱ్ఱకు పచ్చి ఉరుషి పూసి, గుడ్డతో తుడిచివేసి, ఆఱనిచ్చి, మళ్ళీ పూసి, మళ్ళీ తుడిచే పద్ధతి ఒకటి కలదు. అలా పొరలు పెరిగిన కొద్దీ కఱ్ఱ నాళాలు మూసుకొంటవి, కఱ్ఱ చారలు మాత్రం పైకి కనబడుతూనే ఉంటవి. ఇందులో నాకు వింతగా తోచేది మఱొకటి. ఉరుషి ఎండలో పెడితే సరిగా ఆఱదు. గాలిలో తేమ దండిగా ఉండే గదిలోనో పెట్టెలోనో పెట్టాలి. తేమను పీల్చుకొని గట్టిపడి, ఆ పైన కఱ్ఱకు తేమ సోకకుండా కాపలా కాస్తుంది. మా గురువుగారు ఉండి ఉంటే విరోధాభాసకు ఉదాహరణగా పిల్లలకు చెప్పి ఉండేవారు.

ఇంత చేసినా సిరాను నేరుగా కఱ్ఱలో పోయరు. కొబ్బరికాయలో నీరు ఎక్కడ ఉంటుంది? పీచులో ఉండదు, చిప్ప లోపల ఉంటుంది. పీచు లేకపోతే కాయ చెట్టు నుండి పడ్డప్పుడే పగులుతుంది. చిప్ప లేకపోతే నీరే నిలువదు. అందుకని పీచును దొంగవేషమని ఎవరైనా అంటారా? నా మిత్రుడి ఆక్షేపణ అలాంటిది. ఇది నారికేళపాకపు కలమని ఆయనకు ఉత్తరం వ్రాస్తే, ద్రాక్షాపాకం తప్ప తమకు కొఱుకుడు పడదని జవాబు వ్రాసినారు.

ఆయన ద్రాక్షాపాకమనేది జపాను వారి డ్రాపరు కలాన్ని. న్యాయంగా చెప్పాలంటే అదీ గొప్ప వస్తువే. మన డ్రాపరు కలాల రోగం అందఱికీ తెలిసిందే. సిరా సగానికి తగ్గగానే మిగిలిన చోటు గాలి ఆక్రమిస్తుంది. చేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను పాళీ మీదికి నెడుతుంది. కాగితం మీద బొట్టు. మా తరంలో పరీక్ష రాసి వచ్చిన పిల్లవాడి వేళ్ళు చూస్తే చాలు, కలంలో సిరా ఎంత మిగిలిందో చెప్పవచ్చు. జపాను వారు దీనికి బిఱడా కనిపెట్టినారు. ఒడలు నడుమ ఒక సన్నని కడ్డీ. దాని ముందు కొసన బిఱడా, వెనుక కొసన త్రిప్పే గుండీ. గుండీ బిగిస్తే బిఱడా పోయి సిరా దారిని మూస్తుంది. అప్పుడు కలాన్ని జేబులో పెట్టుకొని ఎండలో నడచినా భయం లేదు. వ్రాయదలచినప్పుడు గుండీని కొద్దిగా వదులు చేయాలి. మఱచిపోయినా పాళీ దగ్గఱ మిగిలిన సిరాతో పుటో రెండు పుటలో నడుస్తుంది, ఆ పైన కలం మొరాయించి మనకు గుర్తు చేస్తుంది. అంతకు ముందే ఇంగ్లండు నుండి వచ్చిన ఓనోటో కలాలలో తోక బిగిస్తే సిరా ఆగే ఏర్పాటు ఉండేది; ఆ కలాలంటే జపాను రచయితలకు మోజు. నవలాకారుడు నత్సుమె సొసెకి 1912లో తన కలాలను గూర్చి ఒక వ్యాసమే వ్రాసినాడు.

కాని ఆ డ్రాపరు పద్ధతిని కఱ్ఱలోకి తేవాలంటే లోపల మఱొక పీపా పొదగాలి. పొదిగితే కఱ్ఱ మళ్ళీ తొడుగే అయింది గదా! నా మిత్రుడు ఈ ప్రశ్న దగ్గఱికి రాగానే కాఫీ అడుగుతారు.

ఇక కన్వర్టరును చిన్నచూపు చూచేవారు దానిని ఒక్కసారి విప్పి చూడాలని నా మనవి. పైలట్ వారివి రెండు రకాలు నా దగ్గఱ ఉన్నవి. చిన్నదాని పేరు కాన్-40. గుండీ తిప్పితే లోపలి ముషలకం కదిలి సిరాను పీలుస్తుంది. పట్టేది సుమారు 0.4 మిల్లీలీటర్లు, నా చేతివ్రాతకు ఏడెనిమిది పుటలు. లోపల ఆవగింజల వంటి ఉక్కు గుళ్ళు దొర్లుతూ సిరా ఒక మూల అంటుకొని ఉండిపోకుండా చూస్తవి. కలం ఊపితే గలగలమంటవి. పెద్దది కాన్-70. దానికి త్రిప్పడం లేదు. పాళీని సిరాలో ముంచి వెనుక మీటను నొక్కి వదలాలి. లోపలి సన్నని గొట్టం ద్వారా సిరా ఒక్కొక్క నొక్కుకు కొంచెం కొంచెం పైకి చిమ్ముతుంది, మన చేతిపంపు కొట్టినట్లే. నాలుగైదు నొక్కులకు నిండుతుంది. పట్టేది సుమారు 1.1 మిల్లీలీటరు. ఇందులో సిరా తక్కువ, కాబట్టి గాలీ తక్కువ. ఉబ్బి కక్కే భయమూ తక్కువ. పైగా గొట్టానికీ కఱ్ఱకూ నడుమ ఖాళీ ఉంటుంది, కఱ్ఱ అసలే వేడిని త్వరగా దాటనీయదు. మే నెలలో మా ఊరి ఉక్కలో వ్రాసేవాడికి ఇది చిన్న మేలు కాదు. గొట్టం పాడైతే తీసివేసి మఱొకటి పెట్టుకోవచ్చు. కలం నూఱేళ్ళు బ్రతకాలంటే ముందు చెడేది విడిగా ఉండాలి.

ఫిర్యాదు ఒకటి నాకూ ఉన్నది. ఆ మూడు సంస్థల కన్వర్టర్లు ఒకదానివి మఱొకదానికి పట్టవు. మూడు కలాలుంటే మూడు గొట్టాలు, మూడు రకాల కార్ట్రిడ్జిలు. ఒకే దేశంలో మూడు సంస్థలు వంద ఏళ్ళు పక్కపక్కన బ్రతికి ఒక గొట్టం మూతి దగ్గఱ రాజీ పడలేకపోవడం నాకు మింగుడు పడదు.

నా మేపుల్ కలం పైలట్ వారి కస్టం కయెదె. కయెదె అంటే జపాను భాషలో ఆ చెట్టు పేరే. 2018లో నేను పదవీ విరమణ చేసినప్పుడు, జపానులో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి తెచ్చి ఇచ్చినాడు. వచ్చిన రోజున గోధుమపిండి రంగులో ఉండేది. ఇప్పుడు వేళ్ళు తగిలే చోట తేనె రంగుకు తిరిగింది. ఉదయం స్నానమైన తరువాత సిరా నింపుతాను. పాళీ, పట్టు మాత్రమే బుడ్డిలో మునగాలి, కఱ్ఱ మునగకూడదు. తరువాత పాత పంచె చింపిన గుడ్డతో తుడుస్తాను. రోజుకు ఏడెనిమిది పుటల సిరా చాలదా అని నా మిత్రుణ్ణి అడిగితే, చాలక పోవచ్చునంటారు. ఆయన నెలకు రెండు ఉత్తరాలు వ్రాస్తారు.

ఆ విద్యార్థే 2023లో మళ్ళీ వచ్చినాడు. ఈసారి వాడి జేబులో వేఱొక కలం ఉన్నది, ప్లాటినం వారి ఇజుమొ వరుసలోనిది. ముదురు గోధుమ, దాదాపు నలుపు. దాని మీద కౌజుపిట్ట ఈకల వలె సన్నని లేత చారలు. "తగాయసాన్ కఱ్ఱ మాస్టారూ. ఆ పేరు వ్రాసే లిపిలో ఇనుము, కత్తి, చెట్టు అని మూడు అక్షరాలు ఉంటవి" అన్నాడు. జపాను వారు బయటి దేశాల నుండి తెప్పించుకొని అపురూపంగా చూచుకొనే మూడు ప్రసిద్ధ దారువులలో అదొకటి. తక్కినవి నల్లచేవ, ఎఱ్ఱచేవ. ఒక మధ్యాహ్నమంతా ఆ కలం నా దగ్గఱ ఉంచినాడు. చేతిలో బరువుగా, చల్లగా ఉన్నది. ఇంత అందమైన చెట్టు ఏ దీవులలో పెరుగుతుందో అని అడిగినాను. వాడు ఫోనులో వెదకి, చెట్టు బొమ్మ చూపించినాడు. పసుపు పూల గుత్తులు, చప్పిడి కాయలు.

సీమ తంగేడు. మన రోడ్ల ప్రక్కన నీడకు నాటే చెట్టు. వంటచెఱకుకు తప్ప మనం దేనికీ లెక్కచేయని చెట్టు.

నేను పనిచేసిన బళ్ళలో ఒకదాని ముందు అవి వరుసగా పదకొండు ఉండేవి. ప్రహరీ గోడ కట్టేటప్పుడు వేలం వేసినారు. అప్పటికి నేను ఇన్‌చార్జి ప్రధానోపాధ్యాయుణ్ణి. వేలం కాగితం మీద, పనికిరాని చెట్లు అన్న మాట క్రింద, సంతకం నాది. పంచాయతీ వారు అడగలేదు, పిల్లలు అడగలేదు, నేనూ అడగలేదు. ట్రాక్టరు వాడు మాత్రం రంపం పళ్ళు విరిగిపోతున్నవని రెండు రోజులు తిట్టుకొన్నాడు. ఆ తిట్టు అర్థం నాకు ఇన్నేళ్ళకు బోధపడింది. ఇదంతా నా విద్యార్థికి చెప్పలేదు. వాడు ఆ బడిలోనే చదివినాడు, ఆ చెట్ల క్రిందనే అన్నం తిన్నాడు.

వాడు వెళ్ళిన వారానికి ఆ ఊరికి బస్సెక్కినాను. అటెండరుగా చేసి మానుకొన్నాయన ఇంటి వసారాలో ఒక దుంగ ఉన్నది, ఆ పదకొండింటిలోనిదే. ఇన్నాళ్ళూ బట్టలు ఉతికే బల్లగా వాడుకొన్నారట. నీళ్ళలో నాని నాని పైన బూడిద రంగు వేసింది. ఒక అంచు కోయించి చూస్తే లోపల అదే నలుపు, అవే చారలు. జానెడు బద్ద ఇచ్చినాడు. డబ్బు పుచ్చుకోలేదు.

ఏటికొప్పాక పెద్దాయన ఇప్పుడు లేడు. కాని తరిణె పని తెలిసిన చేతులు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నవి. వాళ్ళ అలవాటు మెత్తని అంకుడు కఱ్ఱతో. ఇంత గట్టి చేవకు ఉలి నిలుస్తుందో లేదో చూచి చెబుతామన్నారు. ఈసారి నేను కొలత తప్పనీయదలచుకోలేదు. కన్వర్టరు ముందే తెప్పించి, ఒడలు లోపల ఎంత వెడల్పు తొలవాలో కాగితం మీద గీసి, రెండింటినీ ఆ బద్దతో పాటు సంచిలో పెట్టి ఉంచినాను.