కుర్చీ ఆమెది, కలం ఎవరిది?

మా పుట్టింటి ఊళ్ళో సర్పంచి మహిళ అని విని, కలుద్దామని వెళ్ళాను. ఆవిడ భర్త ఎదురొచ్చి, "ఏం పనమ్మా, నాతో చెప్పండి" అన్నాడు. సర్పంచి గారు లోపల కాఫీ కలుపుతున్నారు!

"ఆడవాళ్ళకి సీట్లిస్తే ఇంతే" అనేవాళ్ళకి ఇదో సాకు. కానీ తప్పు సీటుదా? వంటిల్లు, పిల్లలు ఆమెకే వదిలేస్తే మండలాఫీసుకి ఎప్పుడు వెళుతుంది?

1993లో అమల్లోకొచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మనకి మూడోవంతు స్థానాలిచ్చింది. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ తర్వాత అది సగమైంది. చట్టసభల సంగతి వేరు. 1996లో లోక్‌సభలో పెట్టిన మహిళా బిల్లు ఆగిపోయింది. చివరికి 2023లో చట్టం వచ్చినా, జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలని షరతు పెట్టారు. 2024లో లోక్‌సభకి గెలిచిన 543 మందిలో ఆడవాళ్ళు 74 మందే!

ఢిల్లీ ఆలస్యాన్ని మనం ఆపలేకపోవచ్చు. కానీ గెలిచింది మన ఇంటి కోడలైతే, "మీటింగుకి నువ్వే వెళ్ళమ్మా, వంట మేం చూసుకుంటాం" అనడానికి ఏ చట్టం రావాలి?