బండికి చోటుంటేనే రైలుకు దారి

వత్సవాయి, జగ్గయ్యపేట, నందిగామ వైపు కొడుకో, కూతురో హైదరాబాదులో లేని ఇల్లు ఈ రోజుల్లో అరుదే. కాన్పుకనో, పండగకనో మనం కోదాడ, సూర్యాపేట మీదుగా బస్సులో బయలుదేరుతాం. ఊరు మొదట్లోనే ఎల్బీ నగర్‌లో దిగితే అక్కడే మెట్రో స్టేషను. మియాపూర్ దాకా ఒకటే రైలు. హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు వెళ్ళేవారు మాత్రం అమీర్‌పేటలో మారాలి.

మన పెద్దవాళ్ళ కాలంలో మద్రాసు వెళ్ళొచ్చినవాళ్ళు ట్రాము కథలు చెప్పేవారు. అక్కడ 1895లో మొదలైన కరెంటు ట్రాము 1953లో ఆగిపోయింది. మన తెలుగువాళ్ళకు హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మియాపూర్, నాగోలు మధ్య వచ్చింది. ఎల్బీ నగర్‌కు 2018 సెప్టెంబరులో చేరింది.

సరే, చివరి స్టేషను దాకా రైలొచ్చింది. కానీ ఇల్లు ఇంకా మూడు, నాలుగు కిలోమీటర్లుంటే? అందుకే స్టేషను దగ్గర బండి పెట్టేసి రైలెక్కే ఏర్పాటు. దీనికి ఇంగ్లీషు పేరు ఉంటే ఉండనివ్వండి, మనకిదేం కొత్తా? సినిమా హాలు దగ్గర, రైలు స్టేషను దగ్గర చీటీ ఇచ్చే సైకిలు స్టాండు అన్నమాట!

ఈ స్టాండు రుసుమే ఇంటి లెక్కను మారుస్తుంది. 2024లో నాగోలు, మియాపూర్‌లలో ఉచితంగా బండ్లు పెట్టుకునే వీలు తీసేసి డబ్బులు తీసుకుంటామన్నప్పుడు ప్రయాణికులు గొడవ చేసింది ఊరికే కాదు. కాగితం, పెన్ను తీసుకోండి, చూద్దాం.

ఆఫీసు పదిహేను కిలోమీటర్లనుకుందాం. రానూ పోనూ ముప్ఫై. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే స్కూటరు, పెట్రోలు లీటరు 108 రూపాయలనుకుంటే రోజుకు 72 రూపాయలు. మెట్రోలో 2025 మే నుంచి చార్జీ 11 రూపాయల నుంచి 69 దాకా ఉంది. ఒక వైపు 50 అనుకున్నా రెండు వైపులా వంద. స్టాండుకు 20 వేయండి. మొత్తం 120. తేడా రోజుకు 48, నెలకు 26 రోజులకు 1,248 రూపాయలు. ఒక గ్యాసు బండ వచ్చేస్తుంది!

"అయితే స్కూటరే నయం కదా వదినా!" అంటారేమో. తొందరపడకండి. వానలో తడవడం, లారీల మధ్య నడపడం, నడుం నొప్పి, బండి రిపేర్లు ఈ లెక్కలోకి రాలేదు. రాత్రి ఎనిమిదింటికి ఒంటరిగా వచ్చే ఆడపిల్లకి రైల్లో ఆడవాళ్ళకు విడిగా చోటుంది. ఆ ధైర్యానికి ధర కట్టలేం. అందుకే స్టాండు రుసుము తక్కువగా ఉండాలని, దీపాలు, కాపలా ఉండాలని అడగడం మన హక్కు. రైలు దిగాక చీకట్లో బండి వెతుక్కోవలసి వస్తే రైలు సుఖమంతా వృథాయే.

ఇంకో సంగతి. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. స్టేషను దాకా బస్సుంటే కోడలికి స్టాండు ఖర్చే ఉండదు. అయితే ఇది తెలంగాణ చిరునామా కార్డున్నవారికే. మనకు ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఉచితం అక్కడ చెల్లదు, టికెట్టు కొనాల్సిందే.

బండి పెట్టేవారికి నాలుగు మాటలు:

దీపం దగ్గర, మనుషులు తిరిగే వైపు పెట్టండి.

చీటీని సెల్‌ఫోనులో ఫోటో తీసుకోండి. అసలు చీటీ పర్సులో ఉంచండి, బండి డిక్కీలో కాదు.

డబ్బు, నగలు డిక్కీలో వదలకండి. హెల్మెట్‌కు తాళం వేయండి.

స్టాండు ఎన్నింటికి మూస్తారో, నెల పాసు ఉందో లేదో మొదటి రోజే అడగండి.

మీ ఇంట్లో ఎవరైనా రోజూ రైలుకు వెళుతుంటే ఈ ఆదివారం పై లెక్కను మీ అంకెలతో వేసి చూడండి. ఏది చవకో, ఏది క్షేమమో రెండూ పక్కపక్కన రాసుకుంటే నిర్ణయం తేలిక. ఏమంటారు?