అటక మీది చిట్టా

మా బామ్మ వాళ్లింట్లో వంటింటి పైన ఓ అటక ఉండేది. నిచ్చెన వేసుకుని ఎక్కాలి. ఏడాదికోసారి అవసరపడే సామానంతా అక్కడే. బొమ్మల కొలువు పెట్టె, పెళ్లిళ్లకి దించే గంగాళాలు, గుండిగలు, జంతికల గొట్టం, ఊరగాయ జాడీలు. అవన్నీ కిందే ఉంచుకుంటే ఇంట్లో మనుషులకి చోటుండదు. పైన పడేసి ఎక్కడున్నాయో మరిచిపోతే ఉండీ లేనట్టే. అందుకని బామ్మ ఒక నోటు పుస్తకంలో చిట్టా రాసి దేవుడి గూట్లో పెట్టుకునేది. ‘జంతికల గొట్టం – నీలం ట్రంకుపెట్టె’. ‘గంగాళం – వెనక మూల, గోనెసంచి కింద’.

పుస్తకం ఎక్కడికీ పోయేది కాదు. అటకే మారిపోయేది. సంక్రాంతికి వెల్ల వేయించినప్పుడల్లా మా బాబాయి పెట్టెలన్నీ దించి, తనకి తోచినట్టు మళ్లీ ఎక్కించేవాడు. పుస్తకంలో దిద్దాలన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఒక ఏడు దీపావళి ముందు నీలం పెట్టె దించితే అందులో చిరిగిన దుప్పట్లూ, వాటి మీద ఓ పిల్లీ, దాని మూడు పిల్లలూ ఉన్నాయి. గొట్టం కనిపించలేదు. ఆ పండక్కి జంతికలు లేవు.

దాంతో మా అమ్మ పద్ధతి మార్చేసింది. ఏ పెట్టెలో ఏముందో ఆ పెట్టె మూత మీదే సుద్దముక్కతో రాయాలి. దసరా సెలవుల్లో నేను నిచ్చెనెక్కి మూతలన్నీ చూసి, కొత్త చిట్టా రాసుకురావాలి. పాతది చించెయ్యాలి. పుస్తకంలో సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. అప్పట్లో అదంతా నన్ను ఎండలో తిరగనివ్వకుండా కట్టిపడేసే ఎత్తు అనుకున్నాను.

ఈ కథంతా ఇప్పుడెందుకంటే, నేను ఈ కాలమ్ రాసుకునే సాఫ్ట్‌వేర్‌లోనూ అచ్చం అలాంటి అటకే ఉంది. దానికీ ఓ చిట్టా ఉంది. పోయిన నెల ఆ చిట్టాతో నేను బాబాయి పనే చేశాను.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఈమ్యాక్స్. అక్షరాలు రాసుకోవడానికి, దిద్దుకోవడానికి పనికొచ్చే ఎడిటర్. 1976లో అమెరికాలోని ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో పుట్టింది. మనం ఇప్పుడు వాడుతున్న గ్నూ ఈమ్యాక్స్‌ను రిచర్డ్ స్టాల్‌మన్ 1984లో మొదలుపెట్టారు. దీని లోపలి ఇంజను సీ భాషలో ఉంటుంది. మిగిలినదాంట్లో చాలా భాగం లిస్ప్ అనే భాషలో రాసినదే. లిస్ప్ అంటే జాన్ మెకార్తీ 1958లో రూపకల్పన చేసిన భాష. కంప్యూటర్ భాషల్లో తాతల వరస. ఇంకా నిక్షేపంగా నడుస్తోంది.

ఎడిటరే కదా, ఓ చిన్న పెట్టె సరిపోతుంది అనుకుంటారేమో. దీంట్లో వెయ్యికి పైగా లిస్ప్ ఫైళ్లున్నాయి. క్యాలెండరుంది. ఉత్తరాలు చదివే సరంజామా ఉంది. టెట్రిస్ ఆటుంది. ‘డాక్టర్’ అని పిలిస్తే ఓ మానసిక వైద్యుడు వచ్చి, మీరు ఏం చెప్పినా దాన్నే ప్రశ్నగా తిప్పి అడుగుతాడు. (మా ఆవిడ ఒకసారి పావుగంట మాట్లాడి, ‘నీకంటే నయం, వింటున్నాడు’ అంది.) ఎడిటర్ తెరవగానే ఇదంతా మెమరీలోకి ఎక్కితే ఏమవుతుంది? 1980ల్లో యంత్రాలకు మెమరీ బొటాబొటీగా ఉండేది. ఈమ్యాక్స్ అన్న పేరులోని ఇంగ్లిషు అక్షరాలకి ‘ఎనిమిది మెగాబైట్లు, ఎప్పుడూ స్వాపింగే’ అని అర్థం చెప్పి నవ్వుకునేవాళ్లట. స్వాపింగ్ అంటే మెమరీ చాలక డిస్కు మీదికీ కిందికీ సామాను మోసుకుంటూ యంత్రం రొప్పడం. ఎనిమిది మెగాబైట్లంటే ఇవాళ సెల్‌ఫోన్‌తో తీసిన రెండు మూడు ఫొటోలు.

దీనికి విరుగుడు ఆటోలోడ్. ఈమ్యాక్స్ కనిపెట్టింది కాదు. అంతకు ముందే, 1970ల్లో ఎంఐటీ వాళ్లు వాడిన మాక్‌లిస్ప్‌లోనే ఉంది. సంగతి చాలా తేలిక. టెట్రిస్ ఫైలంతా ఎక్కించకుండా, ‘టెట్రిస్ అని ఒకటుంది, అది ఫలానా ఫైల్లో ఉంది, దాని పని ఇదీ’ అని ఒక్క చీటీ మాత్రం దగ్గర ఉంచుకుంటుంది. మీరు టెట్రిస్ అనగానే ఆ చీటీ చూసి, అటకెక్కి, ఆ ఫైలు దించుతుంది. దిగిన అసలు సరుకు ఆ చీటీ స్థానంలో కూర్చుంటుంది. మీ పిలుపు అందుకుని ఆట మొదలవుతుంది. మధ్యలో ఇంత జరిగిందని మీకు తెలియను కూడా తెలియదు. మళ్లీ పిలిస్తే చీటీ ఉండదు, సరుకే ఎదురుగా ఉంటుంది. ‘ఈ టెట్రిస్ ఏమిటి?’ అని సాయం అడిగితే చీటీ మీదున్న వివరం చదివి చెబుతుంది. దాని కోసం పెట్టె దించక్కర్లేదు. జీవితమంతా టెట్రిస్ ఆడనివాడి యంత్రంలో అది ఓ చీటీగానే మిగిలిపోతుంది.

అయితే ఇన్ని చీటీలు రాసేదెవరు? 1980ల నాటి గ్నూ ఈమ్యాక్స్‌లో వీటిని మనుషులే చేత్తో రాసేవాళ్లు. అన్నీ ఒకే ఫైల్లో. అదే బామ్మ పుస్తకం. ఎవరో ఒక ఫంక్షన్ పేరు మారుస్తారు, చీటీ మార్చడం మరుస్తారు. ఒక ఫైల్లోది ఇంకో ఫైల్లోకి సర్దుతారు, చీటీ పాత ఫైలునే చూపిస్తుంటుంది. అలాంటప్పుడు ఈమ్యాక్స్ పాపం చెప్పినట్టే వెళ్లి, ఆ ఫైలు తెరిచి చూసి, ‘ఫైలైతే ఎక్కించాను గానీ మీరు చెప్పింది ఇందులో లేదు’ అని తిరిగొస్తుంది. నీలం పెట్టెలో పిల్లి కనబడ్డట్టు.

రోలాండ్ మెక్‌గ్రాత్ అనే ప్రోగ్రామర్ 1991 నాటికి దీనికో ఉపాయం చేశారు. మా అమ్మకి ఆయనెవరో తెలియదు, ఆయనకి మా అమ్మ తెలియదు. ఉపాయం మాత్రం ఒకటే. ఏ ఫంక్షన్‌కి చీటీ కావాలో ఆ ఫంక్షన్ నెత్తి మీదే ఒక గుర్తు పెట్టాలి. మూడు సెమికోలన్లు, మూడు హాష్ గుర్తులు, వెంటనే ఆటోలోడ్ అన్న మాట. అంతే.

ఇందులో నాకు బాగా నచ్చిన తమాషా ఒకటుంది. లిస్ప్‌లో సెమికోలన్ పడితే అక్కణ్నించి ఆ వరుస చివరిదాకా ఉన్నదంతా వ్యాఖ్య. మనుషులు చదువుకోవడానికి రాసుకున్నది, యంత్రం పట్టించుకోదు. అంటే ఫైలును నడిపేటప్పుడు లిస్ప్‌కి ఈ గుర్తు కనబడనే కనబడదు. పెట్టె మీద సుద్దరాత వల్ల లోపలి గంగాళం మారదు కదా. కానీ చిట్టా రాసే ప్రోగ్రామ్ వేరే ఉంది. అది ఫైళ్లను నడపదు, మామూలు ఉత్తరం చదివినట్టు చదువుకుంటూ పోతుంది. ఎక్కడ ఆ గుర్తు కనబడితే అక్కడ ఆగి, కింద ఉన్నదేమిటో చూస్తుంది. ఫంక్షన్ అయితే దాని పేరు, అది తీసుకునే సరంజామా, వివరం, ఉన్న ఫైలు పేరు పట్టుకుని ఓ చీటీ రాస్తుంది. ఫంక్షన్ కాకుండా ఇంకేదైనా ఉంటే, ఉదాహరణకి ‘ఫలానా తోక ఉన్న ఫైళ్లను ఫలానా పద్ధతిలో తెరువు’ అన్న ఆదేశం ఉంటే, దాన్ని ఉన్నదున్నట్టు చిట్టాలోకి ఎక్కిస్తుంది.

చిట్టా తయారయ్యాక దాన్ని ఈమ్యాక్స్ కట్టేటప్పుడే దాని కడుపులో పెట్టేస్తారు. ఇంకో విచిత్రం, ఆ చిట్టా రాసేది కూడా ఈమ్యాక్సే. ముందు ఓ అరకొర ఈమ్యాక్స్‌ను నిలబెట్టి, దాని చేత చిట్టా రాయించి, అప్పుడు పూర్తి ఈమ్యాక్స్‌ను కడతారు. ఇల్లు కట్టడానికి ముందు స్థలంలో పాక వేసుకున్నట్టు.

ఏది గుర్తుకు నోచుకోవాలన్నది మాత్రం ఏ ప్రోగ్రామూ తేల్చదు. ఫైలు రాసిన మనిషే తేల్చుకోవాలి. కొత్తగా రాసేవాళ్లు ఉత్సాహం కొద్దీ ప్రతి ఫంక్షన్‌కీ గుర్తు తగిలిస్తారు. గంగాళం పెట్టెలో ఉన్న గరిటెకీ, గరిటె కాడకీ కూడా సుద్దముక్క పట్టుకు బయలుదేరినట్టు. అప్పుడు చిట్టాయే ఓ అటకంత అవుతుంది. అవసరమైంది గుమ్మాలకి మాత్రమే. మనిషి బయట నుంచి నేరుగా పేరు పెట్టి పిలిచేవాటికి. లోపలి గదుల సంగతి లోపలికి వచ్చాక తెలుస్తుంది.

2012లో వచ్చిన 24వ వెర్షన్‌తో ఈ పద్ధతి ప్రతి ఇంటికీ చేరింది. అప్పటి నుంచి బయటివాళ్లు రాసిన ప్యాకేజీలను ఈమ్యాక్స్ నుంచే దించుకోవచ్చు. దించుకున్న ప్రతిదానికీ మీ యంత్రంలోనే అప్పటికప్పుడు విడిగా ఓ చిట్టా తయారవుతుంది. చిట్టా రాసే ప్రోగ్రామ్‌ను కూడా 2023లో విడుదలైన 29వ వెర్షన్‌కి కొత్తగా తిరగరాశారు. గుర్తు మాత్రం మారలేదు.

ఇక నా నిర్వాకం. నేను ప్రోగ్రామర్ని కాను. ఏవో చిన్నచిన్న కమాండ్లు రాసుకుని ఒక ఫోల్డర్లో పెట్టుకుంటాను. అందులో ఒకటి, వ్యాసం పంపేముందు జంట ఖాళీలు, కామా ముందు పడ్డ ఖాళీలు ఏరిపారేసేది. ఒకరోజు అది రాశాక పైన గుర్తు పెట్టడం మరిచాను. పిలిస్తే పలకలేదు. బద్ధకం! ఆ ఫైలు తెరిచి గుర్తు పెట్టి, చిట్టా మళ్లీ రాయించాలి. అది మానేసి, ఎదురుగా ఉన్న చిట్టానే తెరిచి, పక్క చీటీ చూసి నకలు కొట్టి, నా చేత్తో ఓ చీటీ కలిపేశాను. ఆ ఫైలు మొదటి వరుసలోనే ‘దానంతటదే తీసిన ఆటోలోడ్లు, దిద్దవద్దు’ అని రాసుంటుంది. చదివాను. చదివే కలిపాను.

నెలన్నర బాగానే నడిచింది. తర్వాత ఇంకో కమాండ్ రాసుకుని, ఈసారి బుద్ధిగా గుర్తు పెట్టి, చిట్టా రాయించాను. అది మూతలన్నీ కొత్తగా చదివింది. నా చేతిరాత చీటీకి ఏ మూత మీదా గుర్తు లేదు కాబట్టి దాని దృష్టిలో ఆ సామాను లేనే లేదు. ఆ గురువారం రాత్రి, వ్యాసం పంపాల్సిన వేళ, కమాండ్ పిలిస్తే ‘ఈ పేరుకు నిర్వచనం శూన్యం’ అంది. వేదాంతం! కామాలన్నీ కళ్లతో వెతికి దిద్దుకున్నాను. పదకొండున్నరైంది.

మర్నాడు ఆ గుర్తు పెట్టేసి, ఇంకెక్కడెక్కడ ఇలాంటివి ఉన్నాయోనని తవ్వుతుంటే మన తెలుగు కనబడింది. ఈమ్యాక్స్‌లో తెలుగు టైపు చేసే కీబోర్డులు కూడా అటక మీదే ఉంటాయి. అడిగితేనే దిగుతాయి. వాటికో వేరే చిట్టా ఉంది, అదీ ఫైళ్లను చదివి తయారయ్యేదే. అక్కడ గుర్తు వ్యాఖ్య కాదు. కీబోర్డును నిర్వచించే ఒక ఆదేశం పేరు. ఆ పేరు కనబడితే చాలు, చిట్టా రాసే ప్రోగ్రామ్ పట్టుకుంటుంది. చిక్కేమిటంటే భారతీయ లిపుల ఫైలును రాసిన జపాన్ ప్రోగ్రామర్ కవబాటా తైచీ మన గుణింతాలన్నిటికీ వరసలు కట్టడానికి వేరే ఫంక్షన్ రాసుకున్నారు. దాని పేరు వేరు. చిట్టావాడికి అది కనబడదు. కనబడకపోతే తెలుగు కీబోర్డు ఉన్నా లేనట్టే.

అందుకని ఆ ఫైల్లో ఒక వరుస ఇలా రాసిపెట్టారు: ‘ఇది నిజమైతే తెలుగు కీబోర్డును నిర్వచించు’. ఆ ‘ఇది’ ఉండాల్సిన చోట లిస్ప్‌లో ‘అబద్ధం’ అని అర్థమొచ్చే మాట పెట్టారు. కాబట్టి ఆ వరుస ఏనాడూ నడవదు. నడవాలనీ కాదు. చిట్టా రాసేవాడు అటుగా పోతూ తెలుగు అన్న మాట చూసి రాసుకుంటాడని పెట్టింది. దాని కిందే అసలు నిర్వచనం ఉంది. హిందీకీ, కన్నడానికీ కూడా అలాగే ఉన్నాయి. నేను కాసేపు ఆ వరుసనే చూస్తూ కూర్చున్నాను.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్పాను. అంతా విని, ‘అది సరే గానీ, ఆ జంతికల గొట్టం ఏ పెట్టెలో ఉందిరా?’ అంది. ఇప్పుడున్నది అపార్ట్‌మెంటు, అటక బదులు వంటింట్లో సిమెంటు గూళ్లు.

‘మూతల మీద చూడమ్మా, రాసుంటుంది.’

‘చూశానురా. మొన్న పనమ్మాయి తడిగుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచింది.’