చూడని దేశానికి పటం

లోకంలో లేని దేశానికి పటం గీయటం, అందులోనూ ఇంకా వెలువడని ఒక ఆటలోని దేశానికి పటం గీయటం, కాలహరణమని పెద్దలు భావించటం సహజం. పరీక్షలకు చదువుకొనవలసిన పిల్లవాడు నోటుపుస్తకం వెనుక పుటలో తీరరేఖలు గీసి, వంతెనలు నిలిపి, కొండలు పేర్చి "ఇది లియోనిడా రాష్ట్రమండీ" అని చూపితే ఏ ఉపాధ్యాయునికైనా మొదట కలిగేది చిరాకే. అయితే ఆ చిరాకును ఒక్క నిముషం ప్రక్కకు పెట్టి అతనిని ఒక ప్రశ్న అడిగి చూడవలసి ఉన్నది: "ఈ వంతెన ఇక్కడనే ఉన్నదని నీకెట్లా తెలిసిందిరా?" ఆ ప్రశ్నకు అతడు చెప్పే సమాధానాన్ని బట్టి ఆ పుట వట్టి గీతల పుటయో, భూగోళశాస్త్రాభ్యాసమో తేలుతుంది.

లియోనిడా అనేది రాక్‌స్టార్ గేమ్స్ అనే సంస్థ వారి "గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6" అనే వీడియో గేమ్‌కు రంగస్థలం. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రాన్ని చూచి కల్పించిన దేశమది. అందులోని ముఖ్యనగరమైన వైస్ సిటీ మయామీ నగరానికి ప్రతిబింబం. 2023 డిసెంబరులో ఒకటిన్నర నిముషాల ప్రచార చిత్రం ఒకటి వెలువడింది. 2025 మే నెలలో రెండవ చిత్రమూ, దానితోపాటు అనేక నిశ్చల చిత్రాలూ, ఆరు ప్రాంతాల పేర్లూ ప్రకటించారు. అవి వైస్ సిటీ, లియోనిడా కీస్, గ్రాస్‌రివర్స్, పోర్ట్ గెల్‌హార్న్, ఆంబ్రోసియా, మౌంట్ కలాగా. వాటితోపాటు పటాన్ని మాత్రం ఇవ్వలేదు. విడుదల తేదీని 2025 నవంబరులో మరొకమారు వాయిదా వేసి, 2026 నవంబరు 19 అని నిర్ణయించారు. ఈ ఎదురుచూపుల కాలంలో దేశదేశాల యువకులు, నిర్మాతలు ఇవ్వని పటాన్ని తామే గీయటానికి పూనుకొన్నారు.

వారు అనుసరించే మార్గాన్ని పరిశీలిస్తే ఆశ్చర్యం కలుగక మానదు. ఒక దృశ్యంలో రెండు ఎత్తయిన భవనాలు ఒకదాని వెనుక ఒకటి సరిగా ఒకే వరుసలో కనిపించాయనుకొందాము. ఆ దృశ్యాన్ని చూపిన చోటు ఆ రెండు భవనాలను కలిపే సరళరేఖపైననే ఉండి తీరవలెను. అదే చోటినుండి మరి రెండు గురుతులు మరొక వైపున ఒకే వరుసలో కనిపిస్తే మరొక రేఖ దొరుకుతుంది. రెండు రేఖలూ ఖండించుకొన్న బిందువే ఆ స్థానం. రోడ్డుమీది కారు పొడవును బట్టి దారి వెడల్పు, దానిని బట్టి వంతెన పొడవు అంచనాకు వస్తాయి. నీడలు పడిన తీరును బట్టి దిక్కులను ఊహిస్తారు. దూరాన మసకగా కనిపించే తీరాన్ని మరొక దృశ్యంలో దగ్గరగా కనిపించే తీరంతో పోల్చి, రెండూ ఒకటేనా అని వాదించుకొంటారు.

ఇది నూతన విద్య ఏమీ కాదు. ప్లేన్ టేబుల్ ముందు నిలిచి సర్వేయరు చేసే పని ఇదే. 1802లో మద్రాసు దగ్గర విలియం లాంబ్టన్ ఒక ఆధారరేఖను కొలిచి ప్రారంభించిన సర్వే కూడా ఒక పొడవును నికరంగా కొలిచి, తక్కిన దూరాలను కోణాల మూలంగా సాధించే న్యాయం మీదనే నడిచింది. త్రికోణమితి ఎందుకు పనికివస్తుందని అడిగే విద్యార్థికి ఇంతకంటె సూటి అయిన సమాధానం దొరకటం కష్టం.

కల్పిత దేశానికి ఇంత శ్రమ ఎందుకని అడిగేవారు స్టీవెన్‌సన్‌కు జరిగిన ఒక విచిత్రమైన అనుభవాన్ని తెలిసికొనవలెను. ఆయన "ట్రెజర్ ఐలండ్" అనే నవలను ముందు కథగా ఊహించలేదు. 1881లో ఒక ద్వీపానికి సరదాగా పటం గీసి రంగులు వేశాడు. ఆ పటాన్ని చూస్తూ ఉండగా కథ పుట్టింది. కథ గ్రంథరూపంలో రాబోయేముందు, ప్రచురణకర్తలకు పంపిన ఆ పటం కాస్తా కనిపించకుండా పోయింది. అప్పుడాయన తన గ్రంథాన్నే మొదటినుండి తిరిగి చదివి, ఏ కొండ ఏ వైపున ఉన్నదని ఎక్కడ సూచించానో, ఏ రేవునుండి ఏది కనిపిస్తుందని ఎక్కడ వ్రాశానో ఒక్కొక్కటే ఏరి, వాటన్నిటికీ సరిపడేటట్లు మరొక పటాన్ని తయారు చేయవలసి వచ్చింది. ద్వీపాన్ని సృష్టించినవానికే ఆధారాలు వెదకి ద్వీపాన్ని కనుగొనవలసిన అవసరం కలిగిందన్నమాట. మొదటి పటం మీద ఉన్న మమకారం రెండవదానిమీద తనకు కలుగలేదని కూడా ఆయన చెప్పుకొన్నాడు. మొదటిది స్వేచ్ఛగా గీసినది. రెండవది ప్రతి రేఖకూ జవాబు చెప్పుకొనవలసినది. లియోనిడా పటాన్ని ఊహించేవారు ఈ రెండవ పని చేస్తున్నవారు.

అయితే ఈ పనిలో రెండు ప్రమాదాలు ఉన్నవి. ఊహాపటాలు చాలావరకు వీటిలోనే చిక్కుకొంటాయి.

మొదటి ప్రమాదం మూలాన్ని అతిగా నమ్మటం. లియోనిడాకు ఫ్లోరిడా మాతృక అని తెలియగానే ఫ్లోరిడా పటాన్ని ముందు పెట్టుకొని పేర్లు మార్చి వ్రాసికొనటం సులభం. ఇట్టివారు 2013 సెప్టెంబరులో వెలువడిన "గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5"ను గురుతు చేసికొనవలెను. అందులోని లాస్ శాంటోస్ నగరం లాస్ ఏంజిలిస్‌కు ప్రతిబింబం. కాని లాస్ ఏంజిలిస్ ఒక మహాఖండపు అంచున ఉన్న నగరం కాగా, లాస్ శాంటోస్ నాలుగు వైపులా సముద్రం చుట్టిన ద్వీపం మీద ఉన్నది. ఏలయన ఆటలోని ప్రపంచానికి ఎక్కడో ఒకచోట అంతం ఉండక తప్పదు. గోడ కడితే కృత్రిమంగా ఉంటుంది గనుక సముద్రాన్ని పరిచారు. 1905లో కొలరాడో నదీజలాలు కాలువ గట్టు తెంచుకొని పల్లపు నేలలోకి పారగా ఏర్పడిన సాల్టన్ సీ అనే ఉప్పునీటి సరస్సు లాస్ ఏంజిలిస్‌కు ఆగ్నేయదిశగా ఎంతో దూరాన ఉన్నది. ఆటలో దాని ప్రతిబింబమైన అలమో సీ నగరానికి ఉత్తరాన ఉన్నది. నిజమైన పటాన్ని గుడ్డిగా నమ్మినవాడు ఆ సరస్సును తప్పుడు దిక్కున వెదకి ఉండేవాడు.

ఫ్లోరిడా విషయంలో ఇది ఇంకా స్పష్టం. ఆ రాష్ట్రంలో పర్వతమనదగినది లేదు. అందులోని అత్యున్నత స్థలమైన బ్రిటన్ హిల్ ఎత్తు 345 అడుగులే. అమెరికాలోని ఏ రాష్ట్రపు అత్యున్నత స్థలమూ ఇంత తక్కువ ఎత్తున లేదు. అయినా ప్రకటించిన ఆరు పేర్లలో మౌంట్ కలాగా అనే పర్వతం ఉన్నది. ఫ్లోరిడాను మాత్రమే నమ్ముకొన్నవానికి ఆ పర్వతం తోచే మార్గమే లేదు. కల్పిత దేశం నిజమైన దేశానికి నకలు కాదు. దానిని నిర్మించినవారి అవసరాలను, అభిరుచులను కూడా లెక్కలోకి తీసికొని ఊహించవలెను. కావ్యంలోని అయోధ్యకూ, రైలు దిగి చూచే అయోధ్యకూ తేడా తెలిసిన సాహిత్య విద్యార్థికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ ప్రమాదం ఇంతకంటె పెద్దది. అది తన సిద్ధాంతానికి అవసరమైనదానిని తానే పటంలో చేర్చటం. దీనికి ఆటలలో కంటె చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది. జేమ్స్ రెనెల్ బెంగాలులో సర్వేయర్ జనరల్‌గా పనిచేసి ఆ ప్రాంతానికి శ్రద్ధగా పటాలు తయారు చేసిన ఉద్దండుడు. 1799లో వెలువడిన ముంగో పార్క్ ఆఫ్రికా యాత్రాగ్రంథానికి ఆయన పటాలు సమకూర్చాడు. నైజర్ నది తూర్పుగా పారి లోపలి భూములలోనే అంతమవుతుందని రెనెల్ నమ్మకం. అది నిజం కావలెనంటే నది దక్షిణాన సముద్రం వైపు తిరగకుండా ఏదో అడ్డు ఉండవలెను. పార్క్ దూరాన కొన్ని కొండలు చూచినట్లు చెప్పిన మాటను ఆధారం చేసికొని రెనెల్ పశ్చిమాఫ్రికాకు అడ్డంగా ఒక మహాపర్వతశ్రేణిని గీశాడు. వాటికి కోంగ్ పర్వతాలని పేరు. అట్టి పర్వతశ్రేణి ఎక్కడా లేదు. 1830లో లాండర్ సోదరులు నైజర్ వెంట ప్రయాణించి అది గినీ సింధుశాఖలో కలుస్తుందని కనుగొన్నారు. అయినా కొండలు పటాలలో నిలిచే ఉన్నాయి. 1887 నుండి 1889 వరకు ఆ ప్రాంతంలో సంచరించిన ఫ్రెంచి అధికారి బెంజే, అక్కడ అట్టి పర్వతశ్రేణి ఏదీ లేదని తేల్చేవరకు, ఒకరి పటం చూచి మరొకరు వాటిని గీస్తూనే వచ్చారు.

ఇంతటి నిపుణుడు ఇట్లా పొరబడటానికి కారణం అజ్ఞానం కాదు. చూచినదానికీ, చూచినట్లు ఊహించినదానికీ ఒకే విధమైన గీతను వాడటమే కారణం. ముద్రితమైన పటంలో రెండూ ఒకే నల్లని సిరాతో కనిపించాయి. చదివేవాడు వేరుచేసికొనే వీలు లేకపోయింది. నేడు లియోనిడాకు గీస్తున్న పటాలకు కూడా ఇదే గతి పట్టవచ్చును. ఒకరు సందేహంతో గీసిన ద్వీపాన్ని రెండవవారు సందేహం లేకుండా నకలు చేస్తారు. మూడవవారు దానికి రంగు వేస్తారు. నాలుగవవారు దానిని ఆధారంగా చూపి మరొక దారి వేస్తారు.

దీనికి మందు కూడా చరిత్రలోనే ఉన్నది. రెనెల్‌కు అర్ధశతాబ్దం ముందే, 1749లో, ఫ్రెంచి పటకర్త దాన్‌విల్ ఆఫ్రికాకు ఒక పటం ప్రకటించాడు. వెనుకటి పటాలలో ఊహతో నింపిన నదులనూ, రాజ్యాలనూ ఆయన చాలవరకు తీసివేశాడు. నమ్మదగిన ఆధారం లేని చోట్లను తెల్లగా వదిలివేశాడు. ఆ తెలుపును చూచినవారికి పటకర్త బీదవానివలె కనిపించి ఉండవచ్చును. కాని తెలియని చోటు ఏదో మొదటిమారు స్పష్టంగా తెలియజేసిన పటాలలో అది ఒకటి. అన్వేషకునికి కావలసినది కూడా అదే.

కాబట్టి ఊహాపటం గీసే విద్యార్థిని మందలించటం ఉపాధ్యాయుని పని కాదు. మూడు నియమాలు నేర్పటం ఆయన పని. ప్రచురితమైన దృశ్యంలో కంటితో చూచినదానిని నిండుగీతతో గీయవలెను. చూచినదానినుండి తర్కించి తెలిసికొన్నదానిని తెగుగీతతో గీసి, ప్రక్కన ఆ తర్కాన్ని ఒక వాక్యంలో వ్రాయవలెను. ఏ ఆధారమూ లేని చోటును ఖాళీగా వదలవలెను. ఈ మూడింటిలో మూడవదే కష్టమైనది. పరీక్షలో ఒక్క ప్రశ్ననూ వదలరాదని, తెలియకున్నా ఏదో ఒకటి వ్రాసి రావలెనని పిల్లలకు చిన్ననాటినుండి నూరిపోస్తున్నారు. ఖాళీని చూస్తే భయపడేటట్లు పెంచి, ఆ తరువాత వారినుండి శాస్త్రదృష్టిని ఆశించటం న్యాయం కాదు.

ఇక్కడ రెండు ఆక్షేపణలకు సమాధానం చెప్పవలసి ఉన్నది. ఈ ఆటల కథలు నేరాలతో, హింసతో కూడినవి. వీటిలో అయిదవదానిని అమెరికాలో 17 ఏళ్ళు, ఐరోపాలో 18 ఏళ్ళు నిండినవారికే తగినదని వర్గీకరించారు. బడిపిల్లలు ఆడదగినవి కావన్నమాట నిజమే. కాని పటవిద్యకు ఆ ఆటే కావలెనని నియమం లేదు. పిల్లలు చదివిన కథలోని ఊరికి, చూచిన చలనచిత్రంలోని వీథికి, ఇట్లే ఆధారాలు ఏరి పటం గీయించవచ్చును. రెండవది, 2022 సెప్టెంబరులో ఈ ఆట నిర్మాణదశలోని దృశ్యాలు చౌర్యం వల్ల బయటపడ్డాయి. కొందరు వాటినీ ఆధారంగా గ్రహించారు. అవి పటాన్ని మరింత కచ్చితం చేసి ఉండవచ్చును. అయినా దొంగిలించిన ప్రశ్నపత్రంతో తెచ్చుకొన్న మార్కుల వంటిదే ఆ కచ్చితత్వం. ప్రకటించినదానినుండి మాత్రమే ప్రకటించనిదానిని ఊహించటంలోనే ఈ పని గౌరవమూ, ఆనందమూ ఉన్నవి.

ఆట వెలువడిననాడు అసలు పటం అందరి చేతిలోనూ ఉంటుంది. ఊహించిన పటాలన్నీ దానిప్రక్కన నిలబడక తప్పదు. నిండుగీతలు చాలావరకు నిలుస్తాయి. తెగుగీతలలో కొన్ని చెదరిపోతాయి. గీసిన పిల్లవాడు ఏ తర్కం ఎక్కడ తప్పిందో వెనుకకు నడిచి చూచుకొనవచ్చును. ఖాళీగా వదలిన చోట ఏమున్నదో చూడటానికి అతడు అందరికంటె ముందుగా అక్కడికే వెళతాడు. నోటుపుస్తకం వెనుక పుటలో ఆ కాస్త తెలుపును వదలటం అతనికి నేర్పిన ఉపాధ్యాయుడు, భూగోళ పాఠం చెప్పినట్లే లెక్క.